అల్పబుద్ధి

పోయినవారం పొలిక్సేనిని కోర్టు మెట్ల మీద వానలో నిలబెట్టి వచ్చాం. కొత్తగా చదివేవాళ్లుంటారు, మధ్యలో ఒక వారం తప్పినవాళ్లూ ఉంటారు కాబట్టి వెనకటి సంగతి కాస్త చెప్పుకుని లోపలికి వెళ్దాం.

మిర్తోపోలి హైస్కూల్లో పాత గ్రీకు పాఠాలు చెప్పే టీచరు పొలిక్సేని. ఒక్కగానొక్క కూతురు ఫ్రోసో పదహారో ఏట రక్తం జబ్బుతో పోయాక ఆమె చర్చి గుమ్మం తొక్కడం మానేసింది. సాయంత్రాలు పక్కింటి అర్గిరో దగ్గర కూర్చునేది. అర్గిరో ఆమెకి చిన్ననాటి స్నేహితురాలు. రేవు వీధిలో ఊలు దుకాణం నడుపుతుంది. ఊరంతా ఆర్థడాక్సు క్రైస్తవులైతే అర్గిరో వాళ్లది ఎవాంజెలికల్ కుటుంబం, అంటే ప్రొటెస్టెంట్లు. ఆ ఇంట్లో టీచరు బైబిలు చదువుతోందన్న మాట ఊళ్లో పొక్కింది. హెడ్మాస్టరు పిలిపించి అడిగాడు. అత్తగారు భోజనాల దగ్గర మాట్లాడటం మానేసింది. అప్పుడు పొలిక్సేని భర్త అన్నగారు, లాయరు లిసాంద్రోస్, ఒక వాంగ్మూలం తయారుచేసి తెచ్చాడు. అర్గిరో తనంతట తాను వచ్చి, కడుపుకోతలో ఉన్న తల్లిని మతం మార్చాలని చూసిందని అందులో ఉంది. అది అబద్ధం. అబద్ధమని తెలిసీ పొలిక్సేని పోలీస్ స్టేషన్లో ప్రమాణం చేసి సంతకం పెట్టింది. ఆ సంతకం మీదే ఇవాళ అర్గిరో ముద్దాయి అయింది. నేరం రుజువైతే జైలు.

ఎలా రావాలో లిసాంద్రోస్ ముందే చెప్పాడు. నల్లబట్టలు వేసుకోవాలి, కళ్లజోడు పెట్టుకోకూడదు, గొంతు ఎత్తకూడదు. కళ్లజోడు పెట్టుకుంటే టీచరులా ఉంటావమ్మా, మనకి తల్లి కావాలి అన్నాడు. పొలిక్సేని అదీ విన్నది. ఒక విధంగా మేలే అయింది. జోడు లేకపోతే పది అడుగుల అవతల మనిషి ముఖం ఆమెకి ఆనదు. ముద్దాయిల బల్ల మీద బూడిదరంగు కోటులో ఎవరో కూర్చున్నట్టు కనిపించింది, అంతే. ఆ కోటు కాలరు తాను కుట్టిందే. అది మాత్రం జోడు లేకుండానే తెలిసింది.

ముగ్గురు న్యాయమూర్తులు, వాళ్ల పక్కన ప్రాసిక్యూటరు, వెనక గోడకి క్రీస్తు పటం. ముందు వరసలో ఊరి చర్చి ఫాదరీ పాపా లుకాస్, ఆయన పక్కన అత్తగారు, ఆవిడ పక్కన భర్త స్తాథిస్. స్తాథిస్ రేవులో కస్టమ్స్ గుమాస్తా. మెతక మనిషి. కూతురు పోయినప్పటినుంచీ ఎవరు ఏం చెప్పినా సరేననడం అలవాటు చేసుకున్నాడు. ఈ కేసుకీ అలాగే సరేనన్నాడు. ఫిర్యాదుదారుగా ఆయన పేరుంది, ఆయన తరఫున మాట్లాడుతున్నది అన్నగారు.

పొలిక్సేని సువార్త గ్రంథం మీద చెయ్యి పెట్టి నిజమే చెబుతానంది. అట్ట చల్లగా ఉంది. ఆ తర్వాత ప్రాసిక్యూటరు అడిగినవాటికి, వాంగ్మూలం కింద సంతకం మీదేనా అంటే అవునని, ముద్దాయి మీ ఇంటికి వచ్చిందా అంటే వచ్చిందని జవాబిచ్చింది. పక్కింటి మనిషి ఇంటికి రావడం అబద్ధం కాదు. ఏ ప్రశ్నకి ఎంతవరకు చెబితే అబద్ధం కాకుండా పోతుందో వెతుక్కుంటున్న తన మనసుని చూసుకుని ఆమెకే ఏవగింపు కలిగింది.

అప్పుడు లిసాంద్రోస్ లేచాడు. ఆయన మంచి వక్త. గొంతులో తడి ఎక్కడ రావాలో అక్కడ వస్తుంది. ముందు ఫ్రోసో గురించి మాట్లాడాడు. తర్వాత చట్టం చదివాడు. అది యుద్ధానికి ముందు నియంత కాలంలో చేసిన చట్టం, ఇప్పటికీ అమల్లో ఉంది. ఎదుటిమనిషి అనుభవలేమిని గాని, నమ్మకాన్ని గాని, అవసరాన్ని గాని, అల్పబుద్ధిని గాని, అమాయకత్వాన్ని గాని వాడుకుని మత విశ్వాసంలో వేలు పెట్టడం నేరమని అందులో ఉంది. అవతలి మనిషి తెలివైనదై, తనకు తానే ఆలోచించి అడిగి ఉంటే నేరం నిలవదు. కాబట్టి ఇవాళ లిసాంద్రోస్ రుజువు చెయ్యాల్సింది అర్గిరో గడుసుదని కాదు. పొలిక్సేనికి తెలివి లేదని.

ఆయన రుజువు చేశాడు. తన తమ్ముడి భార్య మంచిదేనని, కానీ పుస్తకాల చదువు వేరు, లోకజ్ఞానం వేరని అన్నాడు. మతం విషయంలో ఆమెది చిన్నపిల్ల మనసని అన్నాడు. కూతురు పోయాక పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేదని, చొక్కా తిరగేసి తొడుక్కుని బడికి వెళ్లబోయిందని, ఫ్రోసో పక్కబట్టలు నెలల తరబడి ఉతకనివ్వలేదని ఒక్కొక్కటే చెప్పాడు. అవన్నీ నిజాలే. ఇంట్లోవాళ్లకి తప్ప తెలియనివి. అత్తగారు చెప్పి ఉంటుంది, లేదా స్తాథిస్. పొలిక్సేనికి సంతలో తన పక్కగుడ్డలు దులుపుతున్నట్టు ఉంది.

కింద బల్ల దగ్గర వాంగ్మూలాలు రాసుకుంటున్న అమ్మాయి ఒకచోట ఆగింది. పేరు కల్లీ. పొలిక్సేని దగ్గరే పాత గ్రీకు చదువుకుంది. తెలివైన పిల్ల. క్రియాపదాల పట్టికలు పాటలా అప్పజెప్పేది.

"ఇక్కడ ఏ మాట వెయ్యమంటారు సార్?" అని అడిగింది కల్లీ. "దుఃఖంలో ఉన్నది అని రాయనా?"

"చట్టంలో ఉన్న మాటే రాయి తల్లీ," అన్నాడు లిసాంద్రోస్. "అల్పబుద్ధి."

కల్లీ వెంటనే రాయలేదు. తల ఎత్తి టీచరు వైపు చూసింది. అంత దగ్గర్లో ఉన్న ముఖం పొలిక్సేనికి బాగానే కనిపించింది. తర్వాత ఆ అమ్మాయి తల వంచుకుని రాసింది.

అర్గిరో తరఫు లాయరు వ్రెత్తోస్ రాజధాని నుంచి వచ్చాడు. కుర్రవాడు, కొత్త బూట్లు, కొంచెం తొందర. ముందుగా ఆయన రాజ్యాంగం అందుకున్నాడు. మత విషయంలో మనస్సాక్షికి ఉన్న స్వేచ్ఛని ఎవరూ ఉల్లంఘించడానికి వీల్లేదని ఒక వాక్యం, ప్రతి మనిషీ తన ఆలోచనని నోటితో గాని రాతతో గాని చెప్పుకోవచ్చని ఇంకో వాక్యం చదివాడు. న్యాయమూర్తుల్లో అధ్యక్షుడు విసుగ్గా, రాజ్యాంగం తమకీ తెలుసని, మతం మార్పించే ప్రయత్నం నిషేధమని అదే రాజ్యాంగం అదే అధికరణంలో చెబుతోందని, అది కూడా చదవమని అన్నాడు. వ్రెత్తోస్ అది కూడా చదివాడు. ఆ రెండు వాక్యాల మధ్య మామూలు మనుషులు ఎక్కడ నిలబడాలో ఈ కోర్టే చెప్పాలని మనవి చేసి సాక్షి వైపు తిరిగాడు.

"టీచరు గారూ, బడిలో ఏం చెబుతారు మీరు?"

పాత గ్రీకు అని చెప్పింది.

"సువార్తలు మొదట రాసిన భాషలోనే చదవగలరా?"

"చదవగలను."

"ఈ గదిలో ఇంకెవరైనా అలా తడుముకోకుండా చదవగలరంటారా?"

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పాపా లుకాస్ మెడ దాకా ఎర్రబడ్డాడు. వ్రెత్తోస్ వాంగ్మూలం తెచ్చి ఆమె చేతిలో పెట్టి, రెండో పేరా చదవమన్నాడు. ఆమె సంచిలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది. లిసాంద్రోస్ దగ్గాడు. పెట్టుకున్నాక గది అంతా ఒక్కసారిగా తేటపడింది. అర్గిరో ముఖం కూడా. చిక్కిపోయింది. చెవుల పక్కన జుట్టు తెల్లబడింది. ఆమె ఇటు చూడటం లేదు, తన మోకాళ్ల వైపు చూసుకుంటోంది.

పొలిక్సేని చదివింది. నా అల్పబుద్ధిని, నా అమాయకత్వాన్ని ఆసరా చేసుకుని అని ఉన్నచోట, ఈ మాటలు మీవేనా అని అడిగాడు వ్రెత్తోస్. మీరు అల్పబుద్ధి గలవారా టీచరు గారూ, లేక ఈ కాగితం అబద్ధమా, రెండిట్లో ఒకటి ఎంచుకోండి అన్నాడు. ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. ఆ నవ్వులో తన దగ్గర చదువుకున్నవాళ్ల గొంతులున్నాయి. అధ్యక్షుడు బల్ల మీద కొట్టి, కాసేపు విరామం అని లేచాడు.

వసారాలో ఒకటే బల్ల. దాని మీద అర్గిరో ఒక్కతే కూర్చుని ఉంది. వ్రెత్తోస్ సిగరెట్టు కోసం బయటికి వెళ్లాడు. పొలిక్సేని కుటుంబం మెట్ల దగ్గర కాఫీ తాగుతోంది. ఆమెని రమ్మని ఎవరూ పిలవలేదు. కొళాయి దగ్గరికి వెళ్లాలంటే ఆ బల్ల ముందునుంచే పోవాలి. ఆమె పోయింది, ముఖం కడుక్కుంది, తిరిగి వస్తుంటే అర్గిరో కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. అది చూసి పొలిక్సేని ఆగింది. కూర్చుంది.

"మా లాయరు కుర్రకుంక," అంది అర్గిరో. "నిన్ను నవ్వులపాలు చెయ్యొద్దని చెప్పాను. వినలేదు."

పొలిక్సేని ఇంటి దగ్గర ఎన్నో మాటలు కూర్చుకుంది. చివరికి, "నన్ను తిట్టవే," అంది.

"తిడితే నీకు తేలికవుతుంది. నాకేం ఒరుగుతుంది?"

తర్వాత అర్గిరోయే మళ్లీ మొదలుపెట్టింది. గొంతులో పౌరుషం లేదు, అలసట ఉంది.

"నాకు కోపం లేదనుకోకు. ఉంది. పొద్దున నేను లేవకముందే అది లేచి కూర్చుంటుంది. సంతకం పెట్టావని కాదు. పెట్టేముందు ఒక్కసారి నా తలుపు తట్టలేదు నువ్వు. 'తప్పడం లేదే, పెడుతున్నా' అని ఒక్క మాట అనుంటే, సరే పెట్టుకోవే, మా నాన్న పడ్డాడు, నేనూ పడతాను అనేదాన్ని. పోలీసువాడు వచ్చి చెబితే తెలిసింది నాకు. కొట్లో జనం ఉన్నారు."

వాళ్ల నాన్న సంగతి పొలిక్సేనికి తెలుసు. కాఫీ దుకాణంలో నలుగురి ముందు ఒక వచనం చదివినందుకు ఆయన్ని ఆ నియంత రోజుల్లో ప్రవాసశిక్ష వేసి ఒక దీవికి పంపారు. ఊపిరితిత్తులు పాడైపోయి తిరిగొచ్చాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. దేవుడి మాట గుమ్మం దాటకూడదని అర్గిరో తల్లి పిల్లలందరికీ నేర్పింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో అంజూరపు పళ్లు తినేటప్పుడు కూడా, మీవాళ్లు ప్రార్థన ఎలా చేస్తారే అని పొలిక్సేని అడిగితే అర్గిరో మాట మార్చేది. అంత ఒద్దికగా బతికిన మనిషిని తాను లాక్కొచ్చి ఈ బల్ల మీద కూర్చోబెట్టింది.

పొద్దున ఏమైనా తిన్నావా అని అర్గిరో అడిగింది. లేదంది. అర్గిరో సంచిలోంచి నువ్వుల రొట్టె తీసి, సగం తుంచి ఇచ్చింది. ఉపవాసాల రోజులు కదా, ఇందులో పాలూ వెన్నా లేవులే అంది. ఆ మాటకి పొలిక్సేనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆర్థడాక్సుల ఉపవాసం ఆమె ఎప్పుడో వదిలేసింది. ఎవాంజెలికల్ మనిషి దాన్ని గుర్తుపెట్టుకుంది. రొట్టె చేతిలో పట్టుకునే ఉంది గాని తినలేకపోయింది. బంట్రోతు వచ్చి పిలిచాడు.

మళ్లీ అందరూ సర్దుకున్నాక, అధ్యక్షుడు లాయర్లని ఊరుకోమని తానే అడిగాడు. ఆయనకి తిక్కగా ఉంది. మధ్యాహ్నానికి ఇంకా కేసులున్నాయి. ఆ మాటలు ఎవరు మొదలుపెట్టారు, ఎక్కడ, ఎలా, సూటిగా చెప్పమన్నాడు.

"నేను మొదలుపెట్టాను," అంది పొలిక్సేని.

లిసాంద్రోస్ సగం లేచాడు. అధ్యక్షుడు చేత్తో కూర్చోమని సైగ చేశాడు.

ఆమె చెప్పింది. గొంతు మొదట సన్నగా వచ్చినా తర్వాత తరగతి గదిలో వచ్చే గొంతే వచ్చింది. తాను ఆఖరిసారి చర్చికి వెళ్లింది ఫ్రోసో నలభయ్యో రోజు ప్రార్థనకే. ఆ రోజు గోధుమల ప్రసాదం పంచారు. దోసిట్లో పెట్టిన ఆ గింజలు నోట్లో పెట్టుకోలేక రుమాల్లో మూటగట్టుకుని వచ్చేసింది. ఆ సాయంత్రం తిన్నగా అర్గిరో ఇంటికి పోయి, చచ్చిపోయినవాళ్లు ఏమవుతారని మీవాళ్లు నమ్ముతారు అని అడిగింది. అర్గిరో జవాబు చెప్పలేదు. ఆ మాటలు మన మధ్య వద్దే, పాపా లుకాస్ గారిని అడుగు అంది. మర్నాడు మళ్లీ అడిగింది. మళ్లీ వద్దంది. మూడోసారి అర్గిరో వంటింట్లో ఉండగా, అలమారలోంచి ఆ పుస్తకం తానే తీసుకుని చదవడం మొదలుపెట్టింది. దీపం ఆర్పేస్తానని అర్గిరో అంటే, ఆర్పు, చీకట్లో కూర్చుంటాను, పోను అని మొండికేసింది.

"ఆవిడ నా దుఃఖాన్ని వాడుకోలేదు," అంది. "నేనే ఆవిడ మంచితనాన్ని వాడుకున్నాను. నా మీద మాట వచ్చేసరికి ఆవిడ పేరునీ వాడుకున్నాను."

ప్రాసిక్యూటరు మొదటిసారి తల ఎత్తాడు. పోలీసుల ముందు ప్రమాణం చేసి చెప్పింది అబద్ధమైతే అది నేరమవుతుందని, ఆ సంగతి తెలిసే మాట్లాడుతున్నారా అని అడిగాడు. తెలుసంది. మరి అప్పుడు సంతకం ఎందుకు పెట్టారన్నాడు.

"ఉద్యోగం పోతుందేమోనని. ఇంట్లో ముఖం చెల్లదని."

"ఎవరైనా బలవంతపెట్టారా?"

లిసాంద్రోస్ తన కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆయన చేతులు కాగితాల మీదే ఆగిపోయాయి. ఒక్క పేరు చెబితే చాలు, బరువు సగం దిగిపోతుంది. గది మొత్తం ఆ పేరు కోసమే చూస్తోందని ఆమెకి తెలుసు.

"లేదు. రాసింది వేరేవాళ్లే. కానీ నేను చదివే పెట్టాను. రెండుసార్లు చదివాను. ఒకచోట అక్షరదోషం ఉంటే దిద్దాను కూడా."

ఆ చివరి మాట ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. ఎవరూ అడగలేదు. కానీ ఆ దోషం దిద్దిన క్షణం ఆమెని వదలడం లేదు. స్నేహితురాలిని జైలుకి పంపే కాగితంలో ఒక ఒత్తు తప్పు పోయిందని కలం తీసుకుని సరిచేసింది. చదువు ఆ రోజు ఆమెకి ఉపయోగపడింది అందుకు.

నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని ఇన్నాళ్లూ అనుకుంది. కాలేదు. ఇంతదాకా ఆ సిగ్గు తన ఒక్కదానిది. ఇప్పుడు అది అందరూ చూసేలా బయటపడి ఉంది. అత్తగారు శిలువ గుర్తు వేసుకుంది. కల్లీ గబగబా రాస్తోంది, తల ఎత్తడం లేదు. స్తాథిస్ మాత్రం ఆమె వైపు చూస్తున్నాడు. కూతురు పోయాక భర్త తనని అలా తిన్నగా చూడటం ఇదే మొదలు. అందులో ఏముందో ఆమె చదవలేకపోయింది.

వ్రెత్తోస్ లేచి, ఇంక తాను చెప్పాల్సింది ఏమీ లేదని, ముద్దాయిని విడుదల చెయ్యాలని కోరాడు. ప్రాసిక్యూటరు భుజాలెగరేశాడు. అధ్యక్షుడు పక్కనున్న ఇద్దరితో గుసగుసగా ఏదో అని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అర్గిరోని లేవమన్నాడు. ముద్దాయికి ప్రమాణం ఉండదు. అబద్ధమాడినా చట్టం ఏమీ అనదు. ఆయన గొంతులో కేసు అప్పుడే మూసేసిన ధోరణి ఉంది.

"అమ్మా, సాక్షి చెప్పింది విన్నారు. ఒక్కటి అడిగి ముగిస్తాను. సాక్షి కుటుంబంలో ఎవరితోనైనా, ఎప్పుడైనా, మీ అంతట మీరు మీ మతం సంగతి ఎత్తారా?"

లేదు అంటే అయిపోతుంది. వ్రెత్తోస్ అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు. బయట వాన తగ్గింది.

అర్గిరో లేచి నిలబడింది. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది, మళ్లీ తీసింది. అధ్యక్షుడు ప్రశ్న అర్థం కాలేదేమోనని మళ్లీ అడిగాడు. అర్థమైందండీ అంది.

"ఎత్తాను."

వ్రెత్తోస్ సంచి కింద పెట్టేశాడు.

"టీచరుతో కాదు," అంది అర్గిరో. "ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నేను ఎత్తింది ఫ్రోసోతో."

ఆ పేరు వినగానే పొలిక్సేని సాక్షి బోను అంచు పట్టుకుంది.

అర్గిరో ఇంక కోర్టుకి చెప్పడం లేదు. స్నేహితురాలికి చెబుతోంది. ఆ ఆఖరి వేసవిలో పొలిక్సేని పరీక్ష పేపర్లు దిద్దడానికి బడికి పోతే, మధ్యాహ్నాలు పిల్ల దగ్గర తానే కూర్చునేదాన్నంది. పిల్ల నిద్రపోయేది కాదు. గోడ వైపు తిరిగి పడుకుని, భయంగా ఉంది పిన్నీ, అమ్మతో అనకు, అమ్మ తట్టుకోలేదు అనేది.

"మా అమ్మ నేర్పింది ఆ రోజు పాటించలేకపోయాను. పిల్ల నన్నేమీ అడగలేదు. నేనే చెప్పాను. నేను ఏం నమ్ముతానో, చీకటిపడితే నాకు ఏది ధైర్యమో, అంతా చెప్పాను. తర్వాత రోజూ నాతోపాటు ప్రార్థన చేసేది. గోడ వైపు తిరగడం మానేసింది. నీకు చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నానే. నీ బిడ్డ విషయంలో నీకు తెలియకుండా చేశాను కదా, నోరు రాలేదు. ఇందాక బల్ల మీద నిన్ను తప్పుపట్టాను, తలుపు తట్టలేదని. నేనూ తట్టలేదు."

లిసాంద్రోస్ నిదానంగా లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో రంగు తిరిగొచ్చింది. చనిపోయే నాటికి ఆ పిల్ల మైనరని, మంచం పట్టిన మైనరు పిల్లని లొంగదీయడం కంటే బలహీనతని వాడుకోవడం ఇంకేముంటుందని, అల్పబుద్ధి మాట తాను ఇప్పుడే వెనక్కి తీసుకుంటున్నానని, దాని అవసరం ఇక లేదని అన్నాడు. ప్రాసిక్యూటరు కొత్త కాగితం తీసుకున్నాడు.

ఫ్రోసో ఆఖరి సాయంత్రాలు పొలిక్సేనికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిల్ల నెమ్మదిగా ఉండేది. తల్లి చెయ్యి పట్టుకుని, నువ్వు వెళ్లి పడుకో అమ్మా, నాకేం పర్లేదు అనేది. నా బిడ్డ ఎంత ధైర్యవంతురాలని పొలిక్సేని చుట్టాలందరికీ చెప్పుకుంది. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కరోజూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయపడి పేపర్లు దిద్దుకోవడానికి పోయింది. తాను పారిపోయిన గదిలో అర్గిరో కూర్చుంది.

అధ్యక్షుడు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఇప్పుడాయనలో విసుగు లేదు. మైనరు విషయంలో తల్లిదండ్రుల ఎరుక ముఖ్యమని, తల్లికి తెలిసి, ఆమె సమ్మతితో జరిగి ఉంటే అది కుటుంబం చేసుకున్న ఎంపిక అవుతుందని, తెలియకుండా జరిగి ఉంటే ఈ కోర్టు దాన్ని చాలా తీవ్రంగా చూస్తుందని, ప్రతి మాటా కల్లీ రాసుకునేలా నిదానంగా చెప్పాడు. తర్వాత సాక్షి వైపు తిరిగాడు.

"మీరింకా ప్రమాణం మీదే ఉన్నారు. ముద్దాయి మీ కూతురితో చేసిన ఈ సంభాషణలు మీకు అప్పుడు తెలుసా, తెలియవా?"

తెలియవు. ఈ క్షణం దాకా తెలియవు. ఆ ముక్క చెబితే అర్గిరో ఈ తలుపు గుండానే జైలుకి పోతుంది. తెలుసంటే ఇంటికి పోతుంది. అబద్ధపు ప్రమాణానికి సిగ్గుపడి ఇప్పుడే కదా కడుక్కుంది. మళ్లీ అదే సువార్త మీద, ఈసారి స్నేహితురాలి కోసం.

స్తాథిస్ లేచి నిలబడ్డాడు. అన్నగారు చొక్కా పట్టి లాగుతున్నా కూర్చోలేదు. పొలిక్సేని అర్గిరో వైపు చూసింది. అర్గిరో వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నిజం వద్దంటోందో, అబద్ధం వద్దంటోందో తెలియలేదు.

"చెప్పండమ్మా," అన్నాడు అధ్యక్షుడు.